నీళ్ళ మీద తేలిన నూనె

ముప్పై రెండేళ్ళు బొగ్గుగనిలో ఫిట్టరుగా చేశాను. మోటార్లు మోశాను, పంపులు మోశాను, ఒకసారి కాలు విరిగిన మనిషిని భుజాన వేసుకుని పైదాకా తెచ్చాను. అవేవీ ఇప్పుడు బరువుగా గుర్తు లేవు. బరువుగా గుర్తున్నది ఒక స్టీలు గ్లాసు. అందులో సగం నీళ్ళు. ఆ నీళ్ళ మీద తేలుతున్న కాస్త నూనె. పధ్నాలుగేళ్ళుగా దాన్ని మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఇందులో వచ్చే మెకానిక్‌ని యాకూబ్ అంటాను, అది అతని అసలు పేరు కాదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ముందే ఒక మాట. నేను ఏడుస్తూ రాయడం లేదు. నా రోజులు బాగానే గడుస్తున్నాయి. ఇల్లెందు పక్కన చిన్న ఇల్లు, వెనక నాలుగు జామ చెట్లు, పొద్దున్నే చాయ్, ఆ తర్వాత పాత కారు బానెట్ ఎత్తి ఏదో ఒకటి కెలకడం. "ఈయనకు జరమొస్తె గోలీలు వద్దు, చేతికో పానా ఇయ్యిండ్రి చాలు" అని నా భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. ఇంత హాయిగా ఉన్న మనిషి తప్పు ఒప్పుకుంటానంటే ఎవరైనా నమ్ముతారా? కానీ నాకు తెలిసిందేమిటంటే, కష్టంలో ఉన్నప్పుడు పాత తప్పులు గుర్తు రావు. చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడే వస్తాయి.

ఆ కారు అప్పట్లో మా బావది. మా అక్క భర్త. టేకులపల్లి దగ్గర బడిలో లెక్కల సారుగా చేసేవాడు. కోపం ఎక్కువ, మాట ఖచ్చితం, ఒకరిని అన్యాయంగా ఒక్క మాట అన్నాడని ఎవరూ చెప్పలేరు. ఏడు సీట్ల పాత డీజిల్ బండి ఎవరి దగ్గరో కొన్నాడు. దాన్ని ప్రాణంగా చూసుకునేవాడు. ఆ బండిని ముట్టుకునే హక్కు ఒక్క యాకూబ్‌కే ఉండేది. టేకులపల్లి రోడ్డు పక్కన అతనికో రేకుల షెడ్డు. మా కాలనీ వాళ్ళు కూడా ఇల్లెందు నుంచి బండ్లు తోలుకుని అక్కడికే పోయేవాళ్ళు.

"యాకూబ్ చెయ్యి పడ్డదంటె బండి నోరెత్తదిగ" అనేవాడు బావ. పండక్కి వెళ్ళినా అదే మాట. చావుకి వెళ్ళినా అదే మాట.

మరి నేను? నేను కూడా ఫిట్టర్నే కదా? భూమి లోపల బొగ్గు ఎత్తే యంత్రాలన్నీ హైడ్రాలిక్ మీదే నడుస్తాయి. నూనె ఒత్తిడితో టన్నుల బరువు లేస్తుంది. ఏ షిఫ్టులో ఏ యంత్రం మొండికేసినా నన్నే పిలిచేవాళ్ళు. అలాంటిది, మా బావ ఒక్కసారి కూడా ఆ బండి గురించి నన్ను అడగలేదు. నాకు మండేది. దాన్ని ఈర్ష్య అంటారు. అంతకంటే మర్యాదైన మాట కోసం చాలా ఏళ్ళు వెతికాను. దొరకలేదు.

ఒకసారి వాళ్ళు ఏదో పెళ్ళికి రైల్లో వెళ్తూ కారును రెండు రోజులు మా ఇంటి ముందు పెట్టి వెళ్ళారు. పొద్దున్నే లేచి నేను చేసిన మొదటి పని బానెట్ ఎత్తడం. ఆ బండికి క్లచ్ కూడా హైడ్రాలిక్‌దే. పెడల్ తొక్కితే పైనున్న సిలిండర్‌లోంచి ద్రవం సన్నటి పైపు గుండా కిందికి పోయి, గేర్‌బాక్స్ పక్కనున్న ఇంకో సిలిండర్‌ని నెడుతుంది. అప్పుడు గేరు పడుతుంది. ఆ ద్రవం ఉండే చిన్న డబ్బా ఇంజన్ పక్కనే ఉంటుంది. చూస్తే ఒక వేలెడు తగ్గి ఉంది.

మా కాలనీలో ఏ ఇంట్లో చూసినా గని నూనె ఒక సీసాలో ఉండేది. తలుపు బందులకు, సైకిల్ చైనుకు, కుట్టు మిషనుకు అదే. దాన్ని దొంగతనం అని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. మా ఇంట్లో లీటరు క్యాను ఉంది, యంత్రాలకు పోసే మంచి హైడ్రాలిక్ నూనె. హైడ్రాలిక్ క్లచ్‌కి హైడ్రాలిక్ నూనె కాక ఇంకేం పోస్తారు? నేను అడగలేదు. ఎవరిని అడుగుతాను? యాకూబ్‌నా? నిండుగా పోశాను. మూత పాత బనీను గుడ్డతో మెరిసేలా తుడిచాను.

బావ వచ్చి పెడల్ తొక్కి, "ఏం చేసినవ్‌రా, గింత మంచిగైంది" అని అడుగుతాడని ఎదురుచూశాను. ఆయన తాళం తీసుకుని, "పోతున్న" అని వెళ్ళిపోయాడు.

ఆ డబ్బాలో పోయాల్సింది బ్రేక్ ఆయిల్. లోపలి రబ్బరు వాషర్లు దానికే తట్టుకుంటాయి. గని నూనె తగిలితే నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి. మా యంత్రాల రబ్బరు వేరు, దీని రబ్బరు వేరు. ఆ రోజు నాకు తెలియదు. ఇంకొక సంగతి. ఆ డబ్బా పక్కనే బ్రేకుల డబ్బా ఉంది. అది నిండుగా ఉంది కాబట్టి ముట్టుకోలేదు. అది కూడా ఒక వేలెడు తగ్గి ఉంటే? ఈ ఒక్క ఆలోచన వస్తే చాలు, ఎండలో కూర్చున్నా ఒళ్ళు చల్లబడుతుంది.

మూడు వారాలకు బావ, అక్క, నేను ఆ కారులో భద్రాచలం బయలుదేరాం. టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట పెడల్ మెత్తబడింది. బావ రెండు మూడు సార్లు కొట్టి చూశాడు. గేరు పడబోయి కరకరమంది. చివరికి పెడల్ కిందికి పోయి, అక్కడే ఉండిపోయింది. అటుగా వెళ్తున్న ట్రాక్టరుకు తాడు కట్టించుకుని యాకూబ్ షెడ్డుకే తిరిగొచ్చాం.  నేను వెనక సీట్లో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అప్పటికే నాకు అనుమానం మొదలైంది.

షెడ్డు దగ్గర మా కాలనీ వాళ్ళు ముగ్గురు తమ బండ్ల కోసం కూర్చుని ఉన్నారు. ట్రాక్టరతను కూడా తమాషా చూద్దామని ఆగాడు. అక్క కారు దిగలేదు, ముందు సీట్లోనే ఉంది.

"నెలన్న కాలే గద యాకూబ్, నువ్వు క్లచ్‌కు కొత్త రబ్బర్లు ఏసి! ఏం సామానేసినవ్? ఆడమనిషిని పెట్టుకొని అడివిల నిలబడాల్నా నేను?" అన్నాడు బావ.

యాకూబ్ బానెట్ ఎత్తి క్లచ్ డబ్బా మూత తీశాడు. మూత అడుగునున్న రబ్బరు ఉబ్బి, ముడతలు పడి ఉంది. వాసన చూశాడు. పక్కనున్న చాయ్ బండి నుంచి స్టీలు గ్లాసులో సగం నీళ్ళు తెచ్చాడు. సిరంజితో డబ్బాలోంచి కొద్దిగా లాగి ఆ నీళ్ళలో వేశాడు. అది పైకి తేలి, రంగులు తిరుగుతూ నిలబడింది.

"చూడు సార్. బ్రేక్ ఆయిల్ అయితె నీళ్ళల్ల కలిసిపోతది. ఇది తేలుతున్నది. ఎవరో దీంట్ల వేరే నూనె పోసిన్రు."

బావ గ్లాసు వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళ బంధుత్వంలో మొదటిసారి ఆయన నన్ను ఒక యంత్రం గురించి అడిగాడు.

"నువ్వు చెప్పురా. గీ నూనెల సంగతి నీకే తెల్సు. ఏందిది?"

నేను ఏం చెప్పానో రాయడానికి ఇప్పుడు కూడా కలం ఆగుతోంది. గ్లాసు చూశాను. నీళ్ళ మీద తేలుతున్న ఆ రంగు నాది. మా గనిది. నా చేతులకు రోజూ అంటుకునే రంగు. తల ఎత్తి యాకూబ్ ముఖం చూశాను.

"నూనె ఏదైనా నీళ్ళ మీద తేలుతది గద బావా. రబ్బర్లే తేడాగున్నట్టున్నయ్" అన్నాను.

కాలనీ వాళ్ళలో ఒకడు ఫక్కున నవ్వాడు. "అవ్ మల్ల, గది చిన్నపిల్లలకు గూడ తెల్సు" అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. ఎంత సులువైన అబద్ధమో చూడండి. వంటింట్లో ప్రతివాళ్ళూ చూసే నిజాన్ని తెచ్చి, కానిచోట పెట్టాను.

యాకూబ్ అప్పటికే రేకు అర మీదినుంచి కొత్త బ్రేక్ ఆయిల్ సీసా తీశాడు. మూతకున్న సీలు మీద బొటనవేలు పెట్టాడు. రెండు చుక్కలు నీళ్ళలో వేస్తే చాలు, అది కలిసిపోయేది, నా బతుకు బయటపడేది. అతను నన్ను చూశాడు. తర్వాత కారు వైపు చూశాడు. సీసా మళ్ళీ అర మీద పెట్టేశాడు.

"సరే సార్. మొత్తం మల్ల మార్చి ఇస్త. కూలీ వద్దు."

ఒప్పుకున్నాడనే అందరూ అనుకున్నారు. బావకి అది ఇంకా మంట పెట్టింది. "దొంగ సామానేసి, పైనుంచి నీళ్ళ గారడీ చూపెడ్తున్నవా? దొంగవి నువ్వు!" అని రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసేలా అరిచాడు. యాకూబ్ తల వంచుకుని పానా అందుకున్నాడు.

నూనె పోయడం నా తప్పు కాదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, అది తెలియక చేసిన పని. నేను ఆ పని గురించి రాయడం లేదు. తెలిశాక అన్న మాట గురించి రాస్తున్నాను. గ్లాసు చూడకముందు నాకు తెలియదు. చూసిన క్షణంలో తెలిసింది. తెలిసిన తర్వాతే నోరు తెరిచాను. భయపడ్డానా? కొంత. సిగ్గుపడ్డానా? చాలా. కానీ అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని కూడా ఇక్కడే పెట్టేస్తాను. యాకూబ్ తలవంచుకున్నప్పుడు, ఒక్క నిమిషం, నాకు సంతోషం కలిగింది. బావ యాకూబ్ మాట కాదని నా మాట విన్నాడు. ఆ ఒక్క నిమిషం కోసం.

కాలు జారితే తీసుకోవచ్చు, మాట జారితే తీసుకోలేం అంటారు. ఆ మాట నాకంటే ముందే కాలనీకి చేరింది. "ఫిట్టరే చూసి చెప్పిండంట" అన్నారు. ఎవరి రేడియో బాగుచేసినా, ఎవరి పంపు బాగుచేసినా నా మాటకు విలువుండేది కదా, దీనికీ వచ్చింది. ఒక్కొక్కరే టేకులపల్లి మానేసి కొత్తగూడెం వెళ్ళసాగారు. ఏడాది తిరిగేసరికి యాకూబ్ షెడ్డుకు తాళం పడింది. అశ్వారావుపేట వైపు వెళ్ళిపోయాడని, పామాయిల్ తోటల ట్రాక్టర్లు చూసుకుంటున్నాడని విన్నాను. మంచిగనే ఉన్నాడంట, అని ఎవరో అన్నారు. ఆ మాటను నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో! మంచిగనే ఉన్నాడు కదా. ఇంకేం? అతను మంచిగా ఉండటం అతని గొప్ప. దాన్ని నా ఖాతాలో ఎలా వేసుకుంటాను?

ఏళ్ళ తర్వాత బావ కొత్త కారు కొన్నాడు. పాతదాన్ని నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో మా ఆవిడకి చెప్పిన కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి. ఆ రెండోది నాకే ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ క్లచ్ డబ్బా మూత మీద ఎర్ర రంగుతో రాసి ఉండేది, ఆ రోజు రిపేరు చేశాక యాకూబ్ రాసింది: "బ్రేక్ ఆయిల్ మాత్రమే." ఇంజన్ అంతా డీజిల్‌తో కడిగేవాణ్ణి. ఆ మూత ఒక్కటి మాత్రం పొడిగుడ్డతో, అక్షరాలు చెరగకుండా తుడిచేవాణ్ణి.

మొన్న వర్షాకాలం వెళ్ళాక పెడల్ మళ్ళీ మెత్తబడింది. దూది మూట మీద కాలు పెట్టినట్టు. రివర్స్ వేయబోతే కరకర. వరసగా మూడుసార్లు తొక్కితే గట్టిపడుతుంది, కాసేపాగితే మళ్ళీ మెత్తన. ఇప్పుడు నాకు ఈ జబ్బు తెలుసు, పధ్నాలుగేళ్ళుగా దాని గురించి తెలుసుకున్నవాణ్ణి. ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. అంటే లోపల ఎక్కడో గాలి చేరింది. గాలి వచ్చిందంటే ఎక్కడో దారి ఉంది. పెడల్ వెనక వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది, పై సిలిండర్ మంచిదే. పైపు పొడవునా చూశాను, చెమ్మ లేదు. కారు కింద దూరి కింది సిలిండర్ రబ్బరు టోపీ వేలితో వెనక్కి లాగాను. తడి. దొరికింది. పనిలో దొంగను పట్టుకున్న ఆనందం ముందు ఇంకేదీ నిలవదు, నన్ను నమ్మండి.

కొత్త వాషరు వేశాను. ఇక గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కింద, గాలి వదిలే చిన్న మర లాంటి నిప్పిల్‌ని వదులు చేసి, గాలి బుడగలు పోయాక బిగించాలి. బిగించేదాకా పైవాళ్ళు కాలు తీయకూడదు. తీస్తే బయటి గాలి లోపలికి లాక్కుంటుంది, చేసిన పనంతా పోతుంది. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి డ్రైవరు సీట్లో కూర్చుంది. "గని మొత్తం నేనే నడిపిన అంటవ్, ఒక్క పెడల్ నడపరాదా?" అంది. నాలుగు రోజులు, రోజూ పొద్దున గంటసేపు. పెడల్ మెత్తగానే ఉంది.

ఎక్కడో గాలి దాక్కుని ఉంది. ఆ బండిలో అది ఎక్కడ దాక్కుంటుందో తెలిసిన మనిషి ఒక్కడే.

ఐదో రోజు పొద్దున్నే, ప్రతి గేరుకీ పెడల్ రెండుసార్లు కొట్టుకుంటూ, కొత్తగూడెం మీదుగా అశ్వారావుపేట బయలుదేరాను. క్లచ్ కోసం వెళ్తున్నానని మా ఆవిడకి చెప్పాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. పామాయిల్ తోటలు మొదలయ్యాక వెనక్కి తిరుగుదామని రెండుసార్లు అనిపించింది. రివర్స్ పడక తిరగలేదని అనుకోండి.

షెడ్డు పెద్దది. బయట మూడు ట్రాక్టర్లు. యాకూబ్ గడ్డం నెరిసింది. నన్ను చూశాడు, కారును చూశాడు. కారునే ముందు పలకరించాడు, బానెట్ మీద చెయ్యి వేసి. బానెట్ ఎత్తి, మూత మీది తన అక్షరాలు చూశాడు. పెడల్ ఒకసారి చేత్తో నొక్కి చూసి, గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. సిలిండర్ బోల్టులు విప్పి, దాన్ని పైకి వంచి పట్టుకుని, లోపలి పిస్టన్‌ని బొటనవేలితో పూర్తిగా వెనక్కి నొక్కాడు. పై డబ్బాలో బుడబుడమని బుడగలు తేలాయి. నాలుగు రోజులు నేను వెతికిన గాలి అంతా అక్కడుంది. మళ్ళీ బిగించి, "అన్నా, ఎక్కి కూసో. తొక్కు" అన్నాడు.

తొక్కాను.

"పట్టు."

పట్టాను. తలుపు తెరిచి ఉంది. కారు కింది నుంచి అతని పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ముఖం కనిపించకపోవడం నాకు ధైర్యం ఇచ్చింది. అది కూడా పిరికితనమే, ఒప్పుకుంటాను. నా కాలి కింద పెడల్ మెల్లగా దిగుతోంది, అంటే అతను నిప్పిల్ వదులు చేశాడు.

"యాకూబ్, ఆ దినం ఆ నూనె పోసింది నేనే."

పాదాలు కదల్లేదు. సీసాలో ద్రవం పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నా కాలు పెడల్ మీంచి లేవబోయింది.

"కాలు తియ్యకన్నా. ఇంక బిగియ్యలే."

తీయలేదు. ఎంతసేపో. తర్వాత, "ఇగ తియ్యి" అన్నాడు. మళ్ళీ "తొక్కు." మళ్ళీ "పట్టు." ఇంకా ఏడెనిమిది సార్లు.  చివరికి పెడల్ నా కాలి కింద రాయిలా గట్టిపడింది.

సబ్బుపొడితో చేతులు కడుక్కుని, చాయ్ తెప్పించాడు. నాకు ఒకటి ఇచ్చి, తనొకటి తీసుకుని ట్రాక్టరు చక్రం మీద కూర్చున్నాడు.

"గది నాకు ఆ దినమే తెల్సన్నా. అందరు గ్లాసు దిక్కు చూసిన్రు. నువ్వు నా మొఖం దిక్కు చూసినవ్."

"మరి ఆ సీసా ఎందుకు పక్కన పెట్టినవ్?"

"మీ అక్క అద్దంల నుంచి చూస్తున్నది. బండి కోసం మీ బావ ఇంటికి ఎన్నిసార్లు పోయినా, ఆ అమ్మ అన్నం పెట్టకుంట పంపలే నన్ను. ఆమె ముందట ఆమె తమ్ముణ్ణి నేను అబద్ధాలోణ్ణి చెయ్యాల్నా?"

పధ్నాలుగేళ్ళు నేను దాన్ని అతని భయం అనుకున్నాను. నాకు అర్థమయ్యే కారణం అదొక్కటే కదా.

"తప్పయింది యాకూబ్" అన్నాను. అతను చాయ్ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నాకు చెప్తే ఏమొస్తది అన్నా? నా చెయ్యి ఎసుంటిదో నాకు తెల్వదా? తెల్వనోళ్ళకు చెప్పు."

అని లేచి ట్రాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు. కోపంగా కాదు. ప్రేమగా అనీ చెప్పలేను. పని ఉన్న మనిషి లేచినట్టు లేచాడు.

తిరుగు దారిలో క్లచ్ వెన్నలా ఉంది. దాన్ని తొక్కుతుంటే ఎంత హాయిగా ఉందో, ఆ హాయికి ఎంత సిగ్గేసిందో రెండూ రాస్తున్నాను. అతనికి చెప్పేస్తే అయిపోతుందనుకున్నాను. చెప్పాల్సిన మనిషి అతను కానేకాదు. అతని చెయ్యి గురించి అబద్ధం చెప్పింది అతనికి కాదు కదా. ఆ రోజు షెడ్డు దగ్గరున్న కాలనీ వాళ్ళలో ఒకాయన చనిపోయాడు. మిగతా ఇద్దరికీ బస్టాండు చాయ్ కొట్టు దగ్గర, అందరూ వింటుండగా చెప్పాను. వాళ్ళలో ఒకాయన ఆ రోజు నుంచి నా పక్కన కూర్చోవడం లేదు. ట్రాక్టరతను ఎవరో, ఎక్కడుంటాడో తెలియదు. ఆ రోజు రోడ్డు మీద ఆగి చూసినవాళ్ళు ఎవరో తెలియదు. ఇది రాస్తున్నది అందుకే. మీరు వాళ్ళలో ఒకరు కావచ్చు. యాకూబ్ వేసిన రబ్బర్లు మంచివే. అతని చెయ్యి మంచిదే. చెడగొట్టింది నేను.

కానీ చాయ్ కొట్టు కంటే ముందు, అశ్వారావుపేట నుంచి వచ్చిన మర్నాడే, టేకులపల్లి వెళ్ళాను. మా చెట్టు జామకాయలు ఒక సంచిలో వేసుకుని. బావ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాను, నూనె దగ్గర్నుంచి గ్లాసు దాకా, గ్లాసు దగ్గర్నుంచి అశ్వారావుపేట దాకా. యాకూబ్ ఆ సీసా ఎందుకు పక్కన పెట్టాడో చెప్పినప్పుడు అక్క చేతులు ఆగిపోయాయి.

బావ పేపరు మడత పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. డెబ్బై దాటిన మనిషి, నన్ను కాదు, ఎదురుగోడను చూస్తూ అన్నాడు:

"నా జిందగీల ఒక్క మనిషినే దొంగ అన్న."

అప్పుడు తెలిసింది నాకు. నేను యాకూబ్ పేరు ఒక్కటే పాడుచేశాననుకున్నాను. ఎవరినీ అన్యాయంగా ఒక్క మాట అనని మనిషి చేత ఆ ఒక్క మాట అనిపించాను. అది కూడా నాదే. దాన్ని ఎలా తీర్చాలో నాకు తెలియదు. తీరదేమో. అయినా చెప్పేశాక ఛాతీలో ఏదో జాగా అయింది, ఊపిరి కిందిదాకా పోయింది. ఇది రాయడానికి మొహమాటంగా ఉంది, కానీ నిజం.

బావ లేచి చొక్కా వేసుకున్నాడు. చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి."

ఆయన కొత్త కారు గేటు లోపలే ఉంది. అయినా నా తాళమే అడిగాడు. ఇచ్చాను. అక్క చేతులు కడుక్కుని వచ్చింది. నా ముఖం చూడలేదు. నా చేతిలోని జామకాయల సంచి మాత్రం తీసుకుంది. వెళ్ళి ముందు సీట్లో, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది. నన్ను ఎవరూ ఎక్కమనలేదు. నేనూ అడగలేదు.

కారు గేటు దాటి రోడ్డెక్కింది. ఇటు ఇల్లెందు, అటు అశ్వారావుపేట దారి. అటే తిరిగింది. నేను గేటు పట్టుకుని, చెవులు రిక్కించి నిలబడ్డాను. మూల మలుపు దగ్గర బావ గేరు మార్చాడు. ఏ చప్పుడూ రాలేదు.